అరువు తోలు

కట్లు విప్పే గదిలోకి మంచాన్ని తోసుకెళ్తున్న ప్రతిసారీ ఆమె ఒకటే ప్రశ్న అడిగేది.

"అక్కా, ఇవాళ నేనేం కంపు కొడుతున్నాను?"

కాలిన గాయాల వార్డులో పెద్ద నర్సుని అందరూ పెద్దక్క అనే పిలుస్తారు. ఆవిడ మాస్కు మీంచే ఒక్క పీల్పు పీల్చి, పాలు విరిగాయో లేదో తేల్చే ఇల్లాలిలా తీర్పు చెప్పేది.

"నిన్న మగ్గిన ద్రాక్షపండ్లు. ఇవాళ ఉత్త తడిగుడ్డ."

"తడిగుడ్డంటే ప్రమోషనే కదక్కా."

"ప్రమోషనే. ఇక నోరు మూసుకుని పళ్ళు బిగబట్టు. విప్పుతున్నాను."

ఆ వార్డులో వాసనే మొదటి కబురు. తియ్యటి వాసన వచ్చిందంటే గాయం లోపల చీము పచ్చబడుతోందని అర్థం. అలాంటి రోజు పెద్దక్క జోకులు వెయ్యదు. తడిగుడ్డ అంటే మాత్రం ఇవాళ్టికి గండం గడిచినట్టే.

రేకు బల్ల మీద పడుకోబెట్టి, గోరువెచ్చటి నీళ్ళు వదిలి, నానిన కట్టుని పొర తరవాత పొర లాగుతారు. ఆఖరి పొర దగ్గర ఆమె అరుస్తుంది. ఎంత మందిచ్చినా అరుస్తుంది. నీళ్ళతోపాటు పసుపు రంగు జిగురు, నల్లటి పెచ్చులు, ఉల్లిపొరల్లాంటి ముక్కలు జారి, బల్ల చివర జాలీ దగ్గర ఒక్క క్షణం ఆగి కిందికి పోతాయి. ఆమె మెడ తిప్పి వాటినే చూసేది. కాసేపటి కిందటిదాకా అదంతా తనే. ఇప్పుడు మోరీలోకి పోయే చెత్త. కక్కడానికి కూడా పొట్ట బిగపట్టాలి, పొట్ట మీద చర్మం లేదు.

ఆమెని పరుపుల కార్ఖానాలో సూది అని పిలిచేవాళ్ళు. కుట్టు తిన్నగా ఉంటుందని సగం, నోరు గుచ్చుకుంటుందని సగం. పెళ్ళి మాట ఎవరెత్తినా మిషను మీద చెయ్యేసి "నా సంసారం ఇదే, ఇది తాగొచ్చి కొట్టదు" అనేది. తనకంటూ ఉన్నది ఒక్క అన్నయ్య. అదే కార్ఖానాలో వ్యాను నడుపుతాడు.

ఆడవాళ్ళు కుట్టే గది వెనకవైపు ఉండేది. దానికి ఒకటే తలుపు. పని మొదలవగానే ఆ తలుపుకి బయటినుంచి తాళం పడేది. ఎందుకంటే ఫోము కత్తిరింపులు చీర కుచ్చెళ్ళలో దోపుకుని పోయి దిళ్ళు కుట్టుకుంటున్నారని యజమానికి అనుమానం. యజమానిని పెద్దాయన అనేవాళ్ళు. తాళంచెవి ఆయన మొలతాడుకే ఉండేది.

పెద్దాయన ముందుగదిలో చొక్కా విప్పేసి కూర్చునేవాడు. మధ్యాహ్నం ఎండ ముదిరాక ఎవరో ఒకర్ని లోపలినుంచి పిలిపించి, చేతికి చెక్క స్కేలు ఇచ్చి వీపు తిప్పేవాడు. చాలాసార్లు పిలుపు సూదికే వచ్చేది.

"నువ్వు గోకితేనే తీరుతుందే. నీ చేతికి ఆ చోటు తెలుసు."

ఆ చోటు ఆమెకి నిజంగానే తెలుసు. కుడి రెక్క కింద, చొక్కా గుండీల్లా వరసగా మూడు నల్ల మచ్చలు. వాటి చుట్టూ జిడ్డు, చెమట, పౌడరు కలిసిన ముద్ద. స్కేలు అంచుకి అది పేరుకునేది. ఆయన కళ్ళు మూసుకుని "హా" అనేవాడు. ఆమె తిరిగొచ్చి చేతులు కడుక్కుంటుంటే పక్కమిషను పిన్ని నవ్వేది. "ఇంకో సబ్బు ముక్క ఇమ్మంటావటే?"

మంటలు లేచిన రోజు పిన్నే ఆమె మెడ పట్టుకుని నేలకి వంచింది. "తలుపు కింద సందులో ముక్కు పెట్టవే!" అంది. అని, తనే మీద పడి కప్పేసింది. పిన్ని అరుపు ఆగిపోయాక కూడా ఆ బరువు కదల్లేదు. అందుకే, కరిగిన ఫోము నేల మీద పారి పొట్టనీ చేతుల్నీ కాల్చినా, సూది ముఖం మిగిలింది. ప్రాణమూ మిగిలింది.

ఆ సందులోంచి ఆమెకి ఒకటి కనిపించింది. తలుపు అవతల రెండు చెప్పులు. ఎడమ చెప్పు పట్టీకి పరుపుల నీలం దారంతో అడ్డకుట్టు. పెద్దాయన విసిరేస్తే, తెగిన పట్టీని ఆ దారంతో కుట్టింది తనే. "తలుపు తియ్యండి బాబూ" అని అరిచింది. చెప్పులు కదల్లేదు. "ముందు స్టాకు బయట పడేయండిరా!" అని ఆ చెప్పుల పైనుంచి గొంతు వినిపించింది. అంతలో కరిగిన ఫోము తలుపు కింద సందులోంచి చిట్లి, ఆ నీలం కుట్టు మీద చుక్కలుగా పడింది. చెప్పులు గబుక్కున వెనక్కి జరిగాయి. తరవాత వెళ్ళిపోయాయి.

వెనకగదిలోంచి ప్రాణాలతో వచ్చింది ఆమె ఒక్కతే. ఆ తలుపు ఎవరు వేశారో, ఎవరు తియ్యలేదో చెప్పగలిగిన నోరు ఈ భూమ్మీద ఇంకోటి లేదు. విచారణాధికారి మొదట్లోనే ఒకసారి వచ్చాడట. గొంతులో గొట్టం ఉందని చూసి వెళ్ళిపోయాడట. మాట వచ్చాక కబురు చెయ్యమన్నాడట.

బతకాలి. బతికి ఆ మాట చెప్పాలి. తక్కినవన్నీ ఆ తరవాతే.

* * *

మాడిన చర్మమంతా డాక్టరమ్మ కోసి తీసేసింది. కింద పచ్చి మాంసం. దాని మీద కప్పడానికి ఆమె సొంత చర్మం సరిపోలేదు. తొడలు మాత్రమే మిగిలాయి, అక్కడ గీసి తీసింది మెడకీ భుజాలకే అయిపోయింది. అందుకని చర్మం దాచే బ్యాంకులోంచి, ఎవరో చనిపోయినవాళ్ళది తెచ్చి, పొట్ట మీదా రొమ్ము మీదా చేతుల మీదా పరిచారు.

అది కప్పాక నొప్పి సగం తగ్గింది. మొదటిసారి ఆమెకి నిద్రలాంటి నిద్ర పట్టింది.

"ఎవరిదక్కా ఇది?"

"అడక్కూడదు. మాకూ తెలీదు. డబ్బా మీద నంబరే ఉంటుంది."

"పేరు లేకపోతే ఎలా? పెళ్ళి చేసుకోలేదుగా, అందుకే ఇన్నాళ్ళకి అత్తగారు వచ్చి నెత్తికెక్కింది. అత్తగారనే పిలుస్తాను."

ఆ రోజునుంచి కట్టు విప్పగానే, "మా అత్తగారు ఎలా ఉందక్కా?" అనేది. "అతుక్కుపోయింది, వదిలేలా లేదు" అనేది పెద్దక్క. ఎక్కడో ఒక ముసలావిడ, చేతిసంచీతో కూరగాయలు బేరమాడి కొనే మనిషి, పోతూ పోతూ తనమీద దుప్పటి కప్పి పోయినట్టు సూది ఊహించుకునేది. ఆ ముసలావిడకి లోపల్లోపల దణ్ణాలు పెట్టుకునేది.

గొట్టం తీసిన కొత్తలో నాలుగు మాటలకే అలిసిపోయే గొంతు మెల్లగా తేరుకుంది. మాట బొంగురుగా, కానీ మాటలాగే వచ్చింది.

ఇక సాక్ష్యం చెప్పగలదన్న కబురు అన్నయ్యకి ముందు చేరింది. అన్నయ్యనుంచి ఇంకొకరికి చేరింది.

* * *

ఇద్దరూ పచ్చ గౌన్లు తొడుక్కుని, తలకి టోపీలు పెట్టుకుని వచ్చారు. అన్నయ్య మంచం దాకా వచ్చాడు. రెండో మనిషి గాజు తలుపు దగ్గరే ఆగిపోయాడు. మాస్కు మీంచి ఇంకో చేతిరుమాలు అదిమి పట్టుకున్నాడు. దానిమీద పోసిన సెంటు వాసన మంచం దాకా కొట్టింది. పెద్దాయన కొడుకు, చిన్నబాబు.

"చెల్లీ, చిన్నబాబుగారు స్వయంగా వచ్చారు, చూడు" అన్నాడు అన్నయ్య.

"కనిపిస్తూనే ఉంది. కూర్చోమను. కుర్చీకి అంటురోగం ఏమీ లేదు."

చిన్నబాబు కూర్చోలేదు. ఆమె వైపు కూడా చూడలేదు. సెలైన్ సీసాతో మాట్లాడుతున్నట్టు మాట్లాడాడు.

"నాన్నగారు పోయిన సంగతి నీకు తెలిసుండదు. ఆ బెంగతోనే గుండె ఆగింది. ఆ ప్రమాదం జరిగినప్పుడు ఆయన ఇంట్లో నిద్రపోతున్నారు. కార్ఖానాలోనే లేరు. అయినా జనం ఏదేదో అన్నారు. తట్టుకోలేకపోయారు పాపం."

నీలం కుట్టున్న చెప్పు సూది కళ్ళ ముందు వెనక్కి జరిగింది.

"పోయినా పుణ్యం చేసే పోయారు. ఆయన కళ్ళు, చర్మం ఈ ఆస్పత్రికే ఇచ్చాం. పేపర్లో కూడా వేశారు. అప్పటికి ఈ బ్యాంకులో గోరంత చర్మం కూడా లేదట. కమిటీలో మా మామగారున్నారులే, ఆయనే చెప్పారు. పరీక్షలు కాగానే మొత్తం ఒకే ఒక్క మనిషికి వేశారట." అప్పుడు మాత్రం ఒక్కసారి ఆమె పొట్ట మీది కట్టుని చూసి, చూపు తిప్పుకున్నాడు. "అర్థమైందా? నువ్వు ఆయన చర్మంతో బతుకుతున్నావు. ఆయన నీ ఒంటి మీద బతికే ఉన్నారు."

మూలన మందుల ట్రే సర్దుతున్న పెద్దక్క చేతిలో కత్తెర టంగుమని కింద పడింది.

"అందుకని, ఆ తలుపు సంగతి" అన్నాడు చిన్నబాబు, "గడియ లోపలినుంచి మీరే వేసుకున్నారు. కబుర్లు చెప్పుకుంటూ మర్చిపోయారు. ఇంతే చెప్పు. చచ్చినవాళ్ళు ఎలాగూ తిరిగిరారు."

"చెప్పకపోతే?"

"చెప్పకపోవడం ఏముంది? ఈ గాజుగది అందరికీ దొరకదు. బయట ఇంకెంతమందో క్యూలో ఉన్నారు. మీ అన్న సరే అంటే, రేపు నిన్ను కింద మామూలు వార్డులోకి దింపుతారు. మామగారు ఒక్క మాటంటే చాలు."

సూది అన్నయ్యని చూసింది. వాడు మంచం అంచు గోకుతూ నిలబడ్డాడు.

"వ్యాను నడిపే బాధ తప్పుతుందే" అన్నాడు మెల్లగా. "సూపర్‌వైజరుగా తీసుకుంటామన్నారు. మీ వదిన కూడా సరేనంది. నీకూ చూసుకోవడానికి ఒక మనిషి..."

చీము వాసనకి అలవాటుపడ్డ ముక్కుకి ఆ క్షణాన అన్నయ్య నోటి మాట ఇంకా కుళ్ళిన వాసన కొట్టింది.

"రేపు చెప్తాను" అంది.

* * *

ఆ మధ్యాహ్నమే కట్టు మార్చారు. ఆమె జోకు వెయ్యలేదు. "తల కింద ఇంకో దిండు పెట్టు, చూడాలి" అంది.

"ఎందుకే?"

"మా అత్తగారి మొహం చూడాలి."

పెద్దక్క దిండు పెట్టింది. నానిన గుడ్డ మెల్లగా లేచింది. కింద పాలిపోయిన చర్మం, పలకలు పలకలుగా, అంచులకి పిన్నులతో. పరుపు గలీబుకి అతుకులేసినట్టు. అక్కడక్కడ గులాబీ రంగు. మొత్తమ్మీద ప్రాణంతో ఉన్నట్టే ఉంది.

బొడ్డుకి ఎడమవైపున, వరసగా, చొక్కా గుండీల్లా, మూడు నల్ల మచ్చలు.

ఆమె ముందు నమ్మలేదు. తరవాత ఆ చెక్క స్కేలు చేతికి తగిలింది. జిడ్డు తగిలింది. "హా" అన్న మూలుగు చెవిలో పడింది. ఏ వీపుని ముట్టుకుని సబ్బుతో మళ్ళీ మళ్ళీ చేతులు తోముకునేదో, ఆ వీపు తన పొట్ట మీద పడుకుని ఉంది. తన రక్తం తాగి గులాబీ రంగు తేలుతోంది.

"తీసెయ్! తీసెయ్యక్కా! పీకెయ్!"

కట్టున్న చేత్తోనే గీరబోయింది. ఒక పిన్ను ఊడింది. పెద్దక్క ఆమె మణికట్లు రెండూ పట్టుకుని బల్లకి అదిమింది. సూది పక్కకి తిరిగి కక్కింది. పెద్దక్క ఏప్రాను మీద, నేల మీద, జాలీ దాకా. కక్కుతూనే ఉంది. ఏమీ రాకపోయినా కడుపు లోపలినుంచి ఎవరినో బయటికి తోస్తున్నట్టు కక్కింది.

డాక్టరమ్మ పరిగెత్తుకొచ్చింది. ఊడిన చోటు చూసి, మళ్ళీ పిన్ను బిగించి, స్టూలు లాక్కుని కూర్చుంది.

"ఎవరిదో నేను చెప్పను. చెప్పకూడదు" అంది.

"మీరు చెప్పక్కర్లేదమ్మా. ఆ మచ్చలతో నాకు పాత పరిచయం. తీసెయ్యండి."

"తీసేస్తే కింద పచ్చి మాంసం. మూత తీసిన గిన్నె మీద ఈగలు వాలినట్టు రోగం వాలుతుంది. నువ్వు చచ్చిపోతావు. అంతే, ఇంకో మాట లేదు."

"ఉంచుకుంటే? జన్మంతా ఆయన్ని మోస్తూ బతకాలా?"

డాక్టరమ్మ ఆశ్చర్యంగా చూసింది. "జన్మంతా ఏమిటి? నీకు ఆపరేషనుకి ముందే చెప్పానే... ఓ, అప్పుడు మత్తులో ఉన్నావు కదూ. పరాయి చర్మం ఏ ఒంట్లోనూ శాశ్వతంగా నిలవదమ్మా. ఇప్పుడు నీ ఒంట్లో శక్తి లేదు గనక ఊరుకుంది. కొంచెం కోలుకోగానే అది పరాయిదని గుర్తుపడుతుంది. గెంటేస్తుంది. అది నల్లబడి, వదులై, ఊడి వస్తుంది. ఈలోపు నీ తొడ మీద గీసిన చోట మళ్ళీ కొత్తది పెరుగుతుంది. దాన్ని తీసి జల్లెడలా సాగదీసి వేస్తాను. అదే నీకు మిగిలేది."

"నా ఒళ్ళే గెంటేస్తుందా?"

"అడక్కుండానే గెంటేస్తుంది."

"ఈ సంగతి అందరికీ తెలుసా అమ్మా?"

"వార్డులో పనిచేసేవాళ్ళకి తెలుసు. బయటివాళ్ళా? చర్మం అతికించామనగానే చొక్కాకి మాసిక వేసినట్టు ఉండిపోతుందనే అనుకుంటారు."

సూది కళ్ళు మూసుకుంది. కక్కిన వాసన ఇంకా గదిలోనే ఉంది. పొట్ట మీద పెద్దాయన ఉన్నాడు. అయినా పెదాల చివర చిన్న వంకర కనిపించింది. కార్ఖానాలో ఎవరినైనా గుచ్చబోయే ముందు కనిపించే వంకరే అది.

* * *

మర్నాడు చిన్నబాబు గాజు తలుపు దగ్గర, అన్నయ్య మంచం దగ్గర. ఎవరి చోట్లలో వాళ్ళు నిలబడ్డారు. అన్నయ్య చేతిలో ఫోను ఉంది, వీడియో తియ్యడానికి.

"ఆలోచించావా?"

"ఆలోచించాను బాబూ. చచ్చి కూడా నన్ను కప్పిన మనిషి. ఆయన్ని ఒంటి మీద పెట్టుకుని ఆయన మీదే నింద వేస్తే కళ్ళు పోతాయి." గొంతులో బొంగురు మాటని కాస్త వణికించింది. ఆ వణుకు నిజంగా అసహ్యంతో వచ్చిందే. వాళ్ళకి ఏడుపులా వినిపించింది. "మీ నాన్నగారి చర్మం నా ఒంటి మీద ఉన్నంతకాలం, ఆయన గురించి ఒక్క మాట నా నోటినుంచి రాదు. ఒట్టు."

చిన్నబాబు రుమాలు వెనకనుంచే నవ్వాడు. "ఉన్నంతకాలం అంటే చచ్చేదాకా."

"మీరెలా అనుకుంటే అలా బాబూ. మీకంటే నాకెక్కువ తెలుసా?"

పెద్దక్క వీళ్ళకి వీపు తిప్పి, అప్పటికే సర్దేసిన ట్రేని మళ్ళీ సర్దడం మొదలుపెట్టింది. ఆవిడ భుజాలు కొంచెం కదులుతున్నాయి.

"ఇంకొక్కటి" అంది సూది. "ఆయన నా మీద బతికుండాలంటే నేను ఇక్కడే ఉండాలి. కిందికి దింపితే ఇద్దరం పోతాం. నాన్నగారు రెండోసారి పోవడం మీకు మాత్రం బావుంటుందా?"

"ఛఛ! ఎవరు దింపుతారు? మామగారితో నేను మాట్లాడతాను. ఏ మందు కావాలన్నా అడుగు. ఆ విచారణాయన్ని కూడా నువ్వు తేరుకున్నాకే రమ్మంటాను."

వాళ్ళు వెళ్ళాక పెద్దక్క మంచం దగ్గరికొచ్చింది.

"సూదీ."

"ఊఁ."

"నీకు ఆ పేరు పెట్టినవాళ్ళ కడుపు చల్లగుండ."

* * *

తరవాతి రోజులు ఎలా గడిచాయో ఆమె ఎవరికీ చెప్పుకోలేదు. చెప్పుకునేందుకు మాటల్లేవు. తిన్నది ఒంటికి పడుతుంటే, అందులో ఆయన వాటా ఆయనకి పోతోందనిపించేది. గుడ్డు తెల్లసొన గొంతు దగ్గర ఆగేది. మింగేది. కోలుకుంటేనే గెంటగలదు. ఆయన్ని మేపితేనే ఆయన్ని వదిలించుకోగలదు. ఈ లెక్క తలుచుకున్నప్పుడల్లా వికారమూ, ఆకలీ ఒకేసారి వచ్చేవి.

అన్నిటికన్నా దురద ఘోరం. కట్టు లోపల, సరిగ్గా బొడ్డుకి ఎడమవైపు. గోకకూడదు. అరచేత్తో మెల్లగా తట్టించుకోవాలి.

"తట్టనా?" అనేది పెద్దక్క.

"వద్దు. ఆయన అడుగుతున్నాడు అక్కా. నేనిక గోకను."

పండ్ల బుట్టలు వచ్చేవి, మీద చిన్నబాబు పేరుతో. బయటి పండ్లు వార్డులోకి రానివ్వరు గనక పెద్దక్క వాటిని గుమ్మం దగ్గరే ఆపేసేది. అన్నయ్య వచ్చి, కొత్త చొక్కా సర్దుకుంటూ, "పెద్దాయన ఎలా ఉన్నారు?" అని ఆమె పొట్టని పరామర్శించేవాడు. మనిషి ఇంత సులువుగా కుళ్ళిపోతాడా అని ఆమె వాడినే చూసేది. చిన్నప్పుడు తన మోకాలికి దెబ్బ తగిలితే ఊది ఊది ఏడ్చినవాడు వీడే.

ఒకరోజు కట్టు విప్పగానే పెద్దక్క ఆగిపోయింది.

"ఏం వాసనక్కా?"

"తడిసిన పాత చెప్పు."

అంచులు నల్లబడి పైకి లేచాయి. కింద ఎర్రగా, శుభ్రంగా ఉన్న మాంసం కనిపించింది. డాక్టరమ్మ వచ్చి చూసి, "గుర్తుపట్టిందమ్మా నీ ఒళ్ళు" అంది. తొడ చూసి తలూపింది. అక్కడ కొత్త చర్మం నున్నగా సిద్ధంగా ఉంది.

"మత్తిచ్చే ముందు ఆ ముక్క ఒక్కటీ నా కళ్ళ ముందు తియ్యండి" అంది సూది.

పెద్దక్క పట్టకారుతో అంచు పట్టుకుంది. తడిసిన కాగితంలా, పెద్ద చప్పుడు లేకుండా వచ్చేసింది. మూడు గుండీలతో సహా. పట్టకారుకి వేలాడుతూ, నల్లగా, బంకగా, చివరినుంచి ఒక చుక్క కారుతూ. సూది చూపు తిప్పుకోలేదు. పెద్దక్క కాలితో చెత్తడబ్బా మూత తెరిచింది. లోపల పసుపు సంచి. అది థపుక్కున పడింది.

ఆపరేషను గదికి తోసుకెళ్తుంటే మొదటిసారి ఆమె ఏడ్చింది, హాయిగా, ముక్కు చీదుకుంటూ.

* * *

జల్లెడ చర్మం పట్టుకుంది. సందులు పూడుకుంటున్నాయి. ఒంటి మీద పరుపు మీద గళ్ళలా గీతలు, కానీ తనవే. విచారణాధికారి వస్తున్నాడని కబురొచ్చింది.

ఆయన నెరిసిన మీసాల మనిషి. చేతులు రెండుసార్లు కడుక్కుని, గౌను తాడు తనే కట్టుకుని లోపలికి వచ్చాడు. వెనకాలే చిన్నబాబు, అన్నయ్య. చిన్నబాబు ఇవాళ సెంటు రుమాలు లేకుండా వచ్చాడు. మీసాలాయన ముందు మర్యాద కోసం కాబోలు. మాస్కు వెనక ముక్కుతో పీల్చకుండా నోటితో పీలుస్తున్నాడు.

"చెప్పమ్మా" అన్నాడు అధికారి. "నీకు తెలిసింది చెప్పు. తొందరేం లేదు."

"నాన్నగారు ఇంట్లో నిద్రపోతున్నారు. గడియ లోపలినుంచి..." అని అందించబోయాడు చిన్నబాబు.

"మీరు అక్కడున్నారా?" అడిగాడు అధికారి.

"లేను."

"అయితే ఉన్న మనిషిని చెప్పనివ్వండి."

సూది చెప్పింది. తాళం చెప్పింది. మొలతాడు చెప్పింది. పిన్ని బరువు చెప్పింది. సందులోంచి కనిపించిన చెప్పులు, తను కుట్టిన నీలం దారం, "ముందు స్టాకు" అన్న గొంతు చెప్పింది. కరిగిన ఫోము ఆ కుట్టు మీద పడగానే కాలు వెనక్కి జరగడం చెప్పింది.

చిన్నబాబు మొహం మాస్కు పైన పాలిపోయింది. "ఒట్టేసింది సార్! వీడియో ఉంది! నాన్నగారి చర్మం ఒంటి మీద ఉన్నంతకాలం మాట్లాడనని..."

"మాట్లాడనని మీరెందుకు ఒట్టు వేయించుకున్నారు?" అన్నాడు అధికారి, చాలా మామూలుగా.

చిన్నబాబు సూది వైపు తిరిగాడు. మొదటిసారి ఆమె మొహం సూటిగా చూశాడు.

"మా నాన్న నీకు ప్రాణం పోశాడే! సిగ్గులేదా? ఆయన్ని ఒంటి మీద పెట్టుకుని..."

"లేరు బాబూ."

"ఏంటి?"

"ఆయన లేరు. వెళ్ళిపోయారు. నా ఒళ్ళు ఉండనివ్వలేదు." సూది చేయెత్తి చెత్తడబ్బా చూపించింది. "పసుపు సంచిలో పోయారు. కాల్చేశారు. అక్కా, నేను చెప్తే నమ్మరు, నువ్వు చెప్పు."

"పోయింది" అంది పెద్దక్క. "నేనే వేశాను."

చిన్నబాబు ఆ డబ్బా వైపు చూశాడు. నోటితో పీల్చడం మర్చిపోయి ముక్కుతో పీల్చాడు. వార్డు వాసనంతా ఒక్కసారి లోపలికి పోయింది. మాస్కు లాక్కుంటూ, గాజు తలుపు భుజంతో నెట్టుకుంటూ బయటికి పరిగెత్తాడు. వసారాలో కక్కుతున్న చప్పుడు లోపలికి వినిపించింది.

"ఆయనకి బేసిను ఇవ్వండి ఎవరైనా" అంది పెద్దక్క తల తిప్పకుండా.

అధికారి ఇంకో ప్రశ్న అడిగాడు. "ఆ చెప్పులు ఇప్పుడు ఎక్కడున్నాయో?"

"కార్ఖానా ముందుగదిలో ఉన్నాయి సార్" అన్నాడు అన్నయ్య, అడక్కముందే పలికే పనివాడి అలవాటుతో. "పెద్దాయన ఫోటో కింద, అద్దాల పెట్టెలో. చిన్నబాబుగారే పెట్టించారు. రోజూ నేనే తుడుస్తాను. ఎడమదాని పట్టీ మీద ఏవో గట్టి చుక్కలున్నాయి, ఎంత గీకినా పోవట్లేదని నిన్ననే..."

అప్పుడు ఆగాడు. తను ఏమన్నాడో తనకే వినిపించింది. సూపర్‌వైజరు చొక్కా బొత్తాం దగ్గర చెయ్యి అలాగే ఉండిపోయింది.

"ఇక గీకకండి" అన్నాడు అధికారి. లేచి, సూదికి ఒక్కసారి తల వంచి, ఫోను తీస్తూ బయటికి నడిచాడు.

అన్నయ్య కదల్లేదు. "చెల్లీ, నా పని పోతుందే" అన్నాడు. "ఒక్క మాట ముందే చెప్పుంటే..."

"అన్నయ్యా, దూరంగా జరుగు."

"నేనేం చేశానే?"

"వాసనొస్తోంది."

వాడు తన చొక్కా భుజం వాసన చూసుకున్నాడు. నిజంగానే చూసుకున్నాడు. తరవాత తలదించుకుని వెళ్ళాడు.

గాజు తలుపు మూసుకుంది. యంత్రం టిక్కుటిక్కుమంటోంది. పిన్ని ఉంటే ఈపాటికి ఎంత నవ్వేదో అనుకుంది సూది. అనుకోగానే పొట్ట మీద, బొడ్డుకి ఎడమవైపున, కొత్త గీతల్లో సన్నగా మొదలైంది.

"అక్కా, దురద."

పెద్దక్క చేతిలో పని ఆపి చూసింది. "ఎవరిది?"

"నాదే. తట్టు."

పెద్దక్క అరచెయ్యి కట్టు మీద పెట్టి మెల్లగా తట్టడం మొదలుపెట్టింది.